యమహా ఆర్ఎక్స్ 100 ఇంజను: నిజాలు, నమ్మకాలు

యమహా ఆర్ఎక్స్ 100 అనేది 1985 నుండి 1996 వరకు ఎస్కార్ట్స్ సంస్థ యమహా సహకారంతో భారతదేశంలో తయారుచేసిన మోటారు సైకిలు. దీనిలోని 98 సీసీ టూ స్ట్రోక్ ఇంజను శక్తి 11 అశ్వశక్తులు. తయారీ ఆగిపోయినా యువతలో దీనిపై మోజు తగ్గలేదు. 2018లో ఇదే పేరుతో తెలుగు చలనచిత్రం కూడా విడుదలైంది. పందేలకు సిద్ధం చేసే ఈ ఇంజను విడిభాగాల గురించి అనేక నమ్మకాలు ప్రచారంలో ఉన్నాయి.

జపాను ముద్ర

తొలినాటి బళ్ళలో పలు భాగాలు జపానువే అన్నది నిజం. అంతమాత్రాన ఆ ముద్ర ఉన్న పాత క్రాంక్ షాఫ్టును అధిక ధరకు కొని బిగిస్తే వేగం పెరగదు. టూ స్ట్రోక్ ఇంజనులో గాలి, పెట్రోలు మిశ్రమం ముందుగా క్రాంకు గదిలో చేరి, అక్కడినుండి సిలిండరులోకి పోతుంది. ఆ గదికి ఇరువైపులా రబ్బరు సీళ్ళు ఉంటాయి. రబ్బరు ఏ దేశానిదైనా ఏళ్ళు గడిస్తే బిరుసెక్కుతుంది. సీలు గుండా బయటిగాలి చొరబడితే మిశ్రమంలో పెట్రోలు పాలు తగ్గి, పిస్టను అతిగా వేడెక్కి సిలిండరులో పట్టేస్తుంది. వేగంలో ఉన్నప్పుడు ఇలా జరిగితే వెనుక చక్రం బిగుసుకుపోయి మనిషి ప్రాణానికే ముప్పు. పాత బండి కొనేవారు ముద్ర కంటే ముందు చూడవలసినవి ఈ చవక సీళ్ళే.

సైలెన్సరు

లోపలి గొట్టం తీసివేస్తే శక్తి పెరుగుతుందనేది మరొక నమ్మకం. నిజానికి పెరిగేది ముఖ్యంగా శబ్దమే. టూ స్ట్రోక్ ఇంజనుకు పొగగొట్టం కూడా ఇంజనులో భాగమే. అందులోని శంకువుల ఆకారం వలన వెనుదిరిగిన పీడన తరంగం, బయటికి జారిపోతున్న తాజా మిశ్రమాన్ని తిరిగి సిలిండరులోకి నెడుతుంది. తూర్పు జర్మనీలోని ఎం.జెడ్. సంస్థ ఇంజనీరు వాల్టర్ కాడెన్ 1950లలో ఈ పద్ధతిని మెరుగుపరచి, 1961 నాటికి 125 సీసీ రేసు ఇంజను నుండి 25 అశ్వశక్తులు రాబట్టాడు. అదే ఏడాది ఆయన జట్టు రైడరు ఎర్నెస్ట్ డెగ్నర్ పశ్చిమ దేశాలకు పారిపోయి జపానుకు చెందిన సుజుకీలో చేరాడు. 1962లో ఆ సంస్థ 50 సీసీ ప్రపంచ ఛాంపియన్‌షిప్ గెలిచింది. జపాను పనితనమని మనం మురిసిపోయే దానిలో కొంత వాటా జర్మనులది!

పోర్టులు అరగదీయడం

సిలిండరులోని పొగ ద్వారాన్ని పైకి పెంచితే శక్తి పెరుగుతుందన్నది మాత్రం సగం నిజం. అధిక వేగంలో శక్తి పెరుగుతుంది, తక్కువ వేగంలో లాగుడు తగ్గుతుంది. గిద్దలూరు నుండి నల్లమల ఘాటు మీదుగా నంద్యాల వెళ్ళే బండికి మలుపుల ఎత్తులో కావలసినది ఆ లాగుడే. పైగా ఒకసారి అరగదీసిన లోహాన్ని తిరిగి పెట్టలేము.