భత్యమొక లెక్క – బ్రతుకొక లెక్క

కూటికొరకు కోటి విద్యలని మన పెద్దలనిరి. కాని ఆ కోటి విద్యలలో ఒక్కదానినైనను గట్టిగా పట్టవలెనన్న ముందుగా కూడు కావలెను. పూర్వము మన ఊళ్లలో బీద విద్యార్థి వారములు చెప్పుకొని, దినమునకొక యింట భుజించి చదువుకొనెడివాడు. ఆ యేడిండ్ల తల్లులే ఆనాటి విద్యార్థివేతన సంఘము. నేడు వారి స్థానమును ప్రభుత్వమును, విశ్వవిద్యాలయములును గ్రహించినవి. ఎం.ఏ.యో, ఎం.ఎస్సీ.యో ముగించి పరిశోధనకు పూనుకొను యువతీయువకులకు నెలనెల నిచ్చు సొమ్మును ఫెలోషిప్ అనుచున్నాము. ఏ శాస్త్రమువారికి ఎంత సొమ్ము వచ్చును? ఏ ఊరివారికి ఎంత వచ్చును? దానితో బ్రతుకు గడచునా? ఈ ప్రశ్నలను కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతముల నుండి చూచినచో కొన్ని వింత విషయములు తెలియగలవు.

చదువునకును భోజనవసతికిని గల సంబంధము ఈ ప్రాంతమునకు క్రొత్తది కాదు. 1918లో హైదరాబాదున ఉస్మానియా విశ్వవిద్యాలయము వెలసినది. ఆ యేడే రాజా బహద్దరు వెంకటరామారెడ్డిగారి కృషివలన రెడ్డి హాస్టలును ఏర్పడినది. విద్యాలయమొక్కటే చాలదనియు, జిల్లాలనుండి వచ్చు పిల్లవానికి ప్రక్కనే అన్నము పెట్టు చోటు కూడ కావలెననియు ఆనాటివారు గ్రహించిరి. సిరిసిల్ల ప్రాంతపు హనుమాజీపేటలో 1931లో జన్మించిన సి. నారాయణరెడ్డిగారు హైదరాబాదు చేరియే ఆధునికాంధ్ర కవిత్వముపై పరిశోధన సాగించిరి. 1976లో వరంగల్లున కాకతీయ విశ్వవిద్యాలయము, 2008లో కరీంనగరమున శాతవాహన విశ్వవిద్యాలయము ఏర్పడుటతో దూరము కొంత తగ్గినది. ఆదిలాబాదు ప్రాంతమునకు 2008లో బాసర సాంకేతిక విద్యాలయము లభించినను, అచ్చటి డిగ్రీ కళాశాలలకు కాకతీయ విశ్వవిద్యాలయమే దిక్కు. 2016 అక్టోబరు 11న ఉమ్మడి ఆదిలాబాదు నాలుగు జిల్లాలైనది. కాని చరిత్రనో, భాషాశాస్త్రమునో పరిశోధింపదలచిన అచ్చటి విద్యార్థి నేటికిని సాధారణముగా వరంగల్లుకో, హైదరాబాదుకో మూట కట్టుకొనవలసినదే.

మెట్లు

దేశమున పరిశోధక వేతనములు మెట్లు మెట్లుగా నున్నవి. అన్నిటికి పైమెట్టు 2018లో ప్రకటింపబడిన ప్రధానమంత్రి పరిశోధక ఫెలోషిప్. ఐ.ఐ.టి.ల వంటి కొన్ని సంస్థలలో విజ్ఞాన, సాంకేతిక శాస్త్రములు పరిశోధించువారికి తొలి రెండేండ్లు నెలకు 70,000 రూపాయలతో మొదలై తుదకు 80,000 వరకు పెరుగునట్లు దానిని నిర్ణయించిరి. దాని క్రిందిమెట్టు నెట్ పరీక్షలో ఉన్నతశ్రేణి పొందినవారికి లభించు జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్. ఇది 2010లో 16,000, 2014లో 25,000, 2019లో 31,000, 2023 జనవరి నుండి 37,000 అయినది. రెండేండ్ల పిమ్మట సీనియరు హోదాతో 42,000 వచ్చును. షెడ్యూల్డు కులముల, తెగల విద్యార్థులకు కేంద్రమిచ్చు జాతీయ ఫెలోషిప్పులును ఈ రేటునే అనుసరించును. తెగలవారికి దేశమంతటికి ఏటా ఇచ్చునవి 750 మాత్రమే.

ఆ క్రిందిమెట్టు కేంద్రవిశ్వవిద్యాలయములలో నెట్ ఫెలోషిప్ లేని పరిశోధకులకిచ్చు 8,000 రూపాయలు. 2012లో ఆ అంకెను నిర్ణయించునాటికి అది జె.ఆర్.ఎఫ్.లో సరిగా సగము. పిదప జె.ఆర్.ఎఫ్. మూడుమారులు పెరిగినది, ఈ అంకె మాత్రము దశాబ్దమునకు పైగా కదలలేదు. 2023 నాటికి సగము కాస్త పావువంతు కంటెను తక్కువైనది. 2015లో దీనినసలు ఎత్తివేయుటకు యు.జి.సి. తలపెట్టగా ఢిల్లీలో విద్యార్థులు గొప్ప ఆందోళన చేసిరి.

ఇక అట్టడుగు మెట్టున నున్నవారెవరు? ఆ 8,000 రూపాయలకైనను నోచుకొననివారు. ఆ పథకము రాష్ట్ర విశ్వవిద్యాలయములకు వర్తింపదు. శాతవాహనలోనో, కాకతీయలోనో చేరిన పరిశోధకునికి పోటీపరీక్షలో గెలిచిన ఫెలోషిప్పో, మరియొక సంస్థ దయయో లేనిచో నెలకు వచ్చునది సున్న. నెట్ ప్రశ్నపత్రములు భాషావిషయములలో తప్ప ఇంగ్లీషు, హిందీలలోనే యుండును. తెలుగులో బి.ఏ., ఎం.ఏ. చదివిన జగిత్యాల విద్యార్థికిని, ఆసిఫాబాదు విద్యార్థికిని చరిత్రలో ఎంత పట్టున్నను మొదటి గండము అచ్చటనే యున్నది. అందువలన అట్టివారనేకులు జూనియరు కళాశాలలలోనో, ప్రైవేటు పాఠశాలలలోనో పగలు పాఠములు చెప్పి, రాత్రులు సిద్ధాంతగ్రంథము వ్రాయుచుందురు.

శాస్త్రభేదము

నెలవేతనము సమానమైనచోట కూడ శాస్త్రమును బట్టి భేదము కలదు. యు.జి.సి. ఫెలోషిప్పునందు నెలసొమ్ము గాక, ప్రయాణములు, పుస్తకములు, సామగ్రి కొరకు ఏటేట కంటింజెన్సీ అను నిధిని ఇత్తురు. విజ్ఞానశాస్త్రములవారికి తొలి రెండేండ్లు ఏటికి 12,000, తరువాత 25,000. భాషా, సామాజిక శాస్త్రములవారికి 10,000, తరువాత 20,500. ఐదేండ్లకు లెక్కించినచో మొదటివారికి 99,000, రెండవవారికి 81,500. తేడా 17,500 రూపాయలు. ఇక భారత సామాజికశాస్త్ర పరిశోధనమండలి తన డాక్టరేటు ఫెలోషిప్పునకు నిర్ణయించిన సొమ్ము నెలకు 20,000 మాత్రమే.

ఈ భేదము వెనుక ఒక ఊహ యున్నది. రసాయనశాస్త్రజ్ఞునికి పరికరములు కావలెను. భాషాశాస్త్రజ్ఞునికి కాగితము, కలము చాలునని ఆ ఊహ. మన ప్రాంతమును చూచినచో ఇది నిలువదు. కరీంనగరము జిల్లా గంగాధర మండలములో కురిక్యాల బొమ్మలగుట్టపై పదవ శతాబ్దికి చెందిన జినవల్లభుని శాసనము కలదు. అందు తెలుగు కందపద్యములున్నవి. దానిని పరిశీలించువాడు గుట్ట యెక్కవలెను, ఛాయాచిత్రములు తీయవలెను, పలుమారులు పోవలెను. నార్నూరు మండలమున గుంజాల గ్రామములోని వ్రాతప్రతుల వలన గోండీకి ఒక ప్రత్యేక లిపి కలదని లోకమునకు తెలిసినది. 2018లో ఆ లిపికి యూనికోడునందును స్థానము లభించినది. ఆ ప్రతులను చదువవలెనన్నను, కొలామీ మాటలను పోగుచేయవలెనన్నను పరిశోధకుడు నెలల తరబడి గూడెములలో నుండవలెను. దుబాసీకి కూలి ఇయ్యవలెను. ధ్వనిముద్రణ యంత్రము కొనవలెను. ప్రయోగశాలలోని పెద్ద పరికరమును సంస్థయే కొనును. ఈ పరిశోధకుని ప్రయోగశాల ఉట్నూరు అడవి. దాని ఖర్చు అతని జేబులోనిది.

ఊరిభేదము

వసతిగృహమున చోటు దొరకని ఫెలోలకు ఇంటి అద్దె భత్యము కలదు. ఇది కేంద్రప్రభుత్వోద్యోగుల నిబంధనల ననుసరించి జనసంఖ్యను బట్టి మారును. 50 లక్షల జనాభా గల హైదరాబాదు వంటివి మొదటి తరగతి. 5 లక్షలు దాటిన వరంగల్లు వంటివి రెండవ తరగతి. తక్కినవన్నియు మూడవ తరగతి. 2024 జనవరి నుండి ఈ తరగతులకు వరుసగా 30, 20, 10 శాతము నిర్ణయింపబడినవి. 37,000 రూపాయలపై హైదరాబాదున 11,100, వరంగల్లున 7,400, కరీంనగరమున 3,700 అగును. 2011 జనగణనలో రెండున్నర లక్షలు దాటిన కరీంనగరమును, లక్ష పైచిలుకు జనులున్న ఆదిలాబాదును, నాలుగు వందల గడపల పల్లెయు ఒకే తరగతి.

హైదరాబాదులో గది అద్దె ఎక్కువన్నది నిజమే. ఆ తేడా న్యాయమే. కాని బ్రతుకనగా అద్దె యొక్కటే కాదు. వంటగ్యాసు, పుస్తకము, కంప్యూటరు చిన్న ఊరిలో చవుకగా దొరకవు. పైగా చిన్న ఊరివానికి పెద్ద ఊరివానికి లేని ఖర్చొకటి యున్నది. నిజాముకాలపు దస్త్రములు తార్నాకలోని రాష్ట్ర పురాలేఖ భాండాగారమున నున్నవి. కరీంనగరము నుండి హైదరాబాదు సుమారు 165 కిలోమీటర్లు. ఆదిలాబాదు నుండి 300 పైచిలుకు. నగరవాసి సిటీబస్సులో పోయి సాయంత్రమునకు ఇల్లు చేరును. జిల్లావాసి బస్సుచార్జీతోపాటు రాత్రి బసకును, పూటకూటికిని చెల్లింపవలెను. వరంగల్లున చేరి ఉట్నూరున పనిచేయు ఆదిలాబాదు విద్యార్థికి పొయ్యిలు రెండు, భత్యమొక్కటి.

ఇచ్చట ఒక మంచిమాట చెప్పవలెను. 2023 డిసెంబరు 9 నుండి తెలంగాణమున పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు ఉచిత ప్రయాణము కల్పింపబడినది. పరిశోధక విద్యార్థినులకు ఇది ఏ ఫెలోషిప్ పట్టికలోను కనబడని సహాయము. ఒక్క ప్రయాణవ్యయము తగ్గినంతనే పరిశోధన ఎంత సుకరమగునో దీనివలన ఊహింపవచ్చును.

సొమ్ము ఎంత యన్నది ఒక యెత్తు. ఎప్పుడు వచ్చునన్నది మరియొక యెత్తు. ఫెలో పనిచేయుచున్నాడని విద్యాసంస్థ నెలనెల ధ్రువీకరింపవలెను. ఆ కాగితము ఏ బల్లపై నిలిచినను సొమ్ము నిలిచిపోవును. నెలల తరబడి ఆలస్యమైన సందర్భములు దేశమున అనేకములు కలవు. కలిగినయింటి బిడ్డ ఆ నెలలను తండ్రి సొమ్ముతో దాటును. బీడీలు చుట్టు తల్లి పంపిన పదిరూపాయలతో చదువుకొన్న బిడ్డకు కిరాణాకొట్టులో ఖాతా పెరుగును. పిదప పుస్తకము మూతపడును.

అన్యదేశమున ఒక పద్ధతి

బ్రిటనులో ప్రభుత్వ పరిశోధనమండలులు ఏ శాస్త్రమునకైనను ఒకే కనీసవేతనమును ప్రకటించును. 2024-25లో అది ఏటికి 19,237 పౌనులు, లండనువాసులకు 21,237. అనగా జీవనవ్యయమును బట్టి తేడా కలదు గాని, చరిత్రకు, రసాయనశాస్త్రమునకు కనీసములో తేడా లేదు. అచ్చటివారికిని ఆ సొమ్ము చాలుట లేదన్న ఆందోళన యున్నదే. కాని మూలసూత్రము గమనింపదగినది: ఆకలికి శాస్త్రభేదము లేదు.

ఏమి కోల్పోవుచున్నాము?

ఈ లెక్కలన్నియు కొందరు విద్యార్థుల స్వంతగోడు మాత్రమే అనుకొనరాదు. 1940లో జోడేఘాట్‌లో కుమురం భీము నేలకొరిగిన పిమ్మట, ఆదివాసుల కష్టములు తెలిసికొనుటకు నిజాము ప్రభుత్వము ఆస్ట్రియాదేశీయుడైన మానవశాస్త్రజ్ఞుడు హైమన్‌డార్ఫును వినియోగించినది. ఆయన మార్లవాయిలో నివసించి, గోండీ నేర్చి, ఆదిలాబాదు రాజగోండులపై 1948లో గ్రంథము ప్రకటించెను. ఆ కృషికి ఆయన మేధాశక్తి యెంత కారణమో, ప్రభుత్వ పోషణయు అంత కారణము. నేడు మార్లవాయి బిడ్డయే తన జాతిచరిత్రను తాను వ్రాయదలచినచో ఆమెకు ఆ పోషణ యున్నదా? ఏ శాస్త్రమునకు కూడు పెట్టుదుమో ఆ శాస్త్రమే బ్రతుకును. కూడు పెట్టని శాస్త్రమును కలిగినవారు మాత్రమే అభ్యసింతురు. లేదా పరదేశీయులు వచ్చి వ్రాసిపోదురు.

చేయవలసినవి మూడు కలవు. రాష్ట్ర విశ్వవిద్యాలయమున పూర్తికాలము పరిశోధించు ప్రతివానికి తిండికి, గదికి చాలునంత కనీసవేతనము ఉండవలెను. గ్రామములలో తిరిగి చేయు పరిశోధనకు, శాస్త్రము పేరుతో కాక పని స్వభావమును బట్టి వేరుగా వ్యయమీయవలెను. సొమ్ము నెల మొదట చేతికందవలెను.

ఉపాధ్యాయమిత్రులు చేయదగినదియు ఒకటి కలదు. జె.ఆర్.ఎఫ్.నకు వయఃపరిమితి యున్నదనియు, జాతీయ ఫెలోషిప్పులు వేరుగా కలవనియు పల్లెవిద్యార్థికి తరచుగా ఎం.ఏ. ముగిసిన తరువాతగాని తెలియదు. డిగ్రీ మొదటియేటనే ఈ మాట అతని చెవిని వేయుడు. నాడు ఏడిండ్ల తల్లులు పెట్టిన ముద్ద వలన ఎందరో పండితులైరి. నేటి విద్యార్థికి వేళకందిన సమాచారము తొలిముద్ద వంటిది. మలిముద్ద ప్రభుత్వము పెట్టవలెను.