సిజేరియన్ టైంలో వెన్నులో ఇంజెక్షన్.. బీపీ ఎందుకు పడిపోతుంది? తల్లిని ఎడమవైపు ఎందుకు ఒరిగిస్తారు?

శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలం భావనపాడు. సముద్రం ఒడ్డున ఉన్న ఈ మత్స్యకార గ్రామంలో ఎవరికైనా ఆపరేషన్ కాన్పు అవసరమైతే టెక్కలికో, శ్రీకాకుళానికో వెళ్లాల్సిందే. అక్కడ థియేటర్‌లో మొదట వేసేది వెన్నులో మత్తు సూది. ఆ తర్వాత కొద్ది నిమిషాలే చాలా కీలకం. బీపీ ఒక్కసారిగా పడిపోయే ఛాన్స్ ఉండేది అప్పుడే. అసలు ఎందుకిలా జరుగుతుంది? డాక్టర్లు ఏం చేస్తారు?

ఆంధ్రప్రదేశ్‌లో 42 శాతం సిజేరియన్లే

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఏపీలో 42.4 శాతం, తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్ ద్వారానే జరిగాయి. దేశ సగటు 21.5 శాతం. అంటే ఇది ప్రతి ఇంటికీ సంబంధించిన విషయమే.

సూది వేసేటప్పుడు అలా ఎందుకు వంగమంటారు?

తల్లిని కూర్చోబెట్టి గానీ, పక్కకు పడుకోబెట్టి గానీ వీపు విల్లులా వంచమంటారు. అలా వంగితే వెన్నుపూసల మధ్య సందు తెరుచుకుంటుంది. వెన్నుపాము నడుము పైభాగంలోనే ఆగిపోతుంది కాబట్టి, సూదిని దానికి కింద గుచ్చుతారు. సాధారణంగా వాడే మత్తుమందు వెన్నునీటి కన్నా బరువుగా ఉంటుంది. అందుకే తల్లి ఎలా ఉంటే మందు అటు జారుతుంది. సూది వేయగానే వెంటనే పడుకోబెట్టేది కూడా ఇందుకే.

బీపీ పడిపోవడానికి రెండు కారణాలు

మొదటిది మత్తు. నొప్పి నరాలతో పాటు రక్తనాళాలను బిగించి ఉంచే నరాలు కూడా మొద్దుబారతాయి. దాంతో నాళాలు వదులై రక్తం కాళ్లలోనే నిలిచిపోతుంది.

రెండోది కడుపు బరువు. నెలలు నిండిన తల్లి వెల్లకిలా పడుకుంటే, వెన్నెముకకు కుడివైపున ఉండే పెద్ద సిర గర్భసంచి కింద నలుగుతుంది. గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గిపోతుంది. తల్లికి వికారం, వాంతి, కళ్లు తిరగడం మొదలవుతాయి. బీపీ అలాగే తక్కువగా ఉండిపోతే బిడ్డకు అందే రక్తం, ఆక్సిజన్ కూడా తగ్గుతాయి.

కుడి తుంటి కింద దిండు

అందుకే కుడి తుంటి కింద చిన్న దిండు గానీ, మడిచిన దుప్పటి గానీ పెట్టి తల్లిని ఎడమవైపు సుమారు 15 డిగ్రీలు ఒరిగిస్తారు. అయితే 2015లో జపాన్ పరిశోధకులు ఎంఆర్ఐతో చూస్తే 15 డిగ్రీలకు ఆ సిర పెద్దగా తెరుచుకోలేదు, 30 డిగ్రీలకు తెరుచుకుంది. కానీ అంత వాలుగా ఉంచి ఆపరేషన్ చేయడం కష్టం. 2017లో అమెరికాలో 100 మంది ఆరోగ్యవంతులైన గర్భిణులపై వచ్చిన అధ్యయనంలో.. సెలైన్, బీపీ మందుతో బీపీని సరిగ్గా నిలబెడితే, వెల్లకిలా ఉంచినా బిడ్డకు తేడా రాలేదని తేలింది. ఒరిగించిన వారికి మాత్రం మందు తక్కువే పట్టింది.

అంటే దిండు ఒక్కటే సరిపోదన్నమాట. ఫినైల్‌ఎఫ్రిన్ లాంటి మందును ముందు నుంచే ఎక్కించాలని, పై బీపీ మామూలు స్థాయిలో 90 శాతానికి తగ్గకుండా చూడాలని 2018లో అంతర్జాతీయ నిపుణులు సూచించారు. మత్తు డాక్టర్ ఒకటి రెండు నిమిషాలకోసారి బీపీ చూసేది అందుకే.

తల్లి, కుటుంబం గుర్తుంచుకోవాల్సినవి

* బీపీ, గుండె జబ్బు, రక్తం పలుచబడే మందుల గురించి మత్తు డాక్టర్‌కు ముందే చెప్పాలి. ఎప్పుడు తిన్నారో దాచొద్దు.
* టేబుల్ మీద వికారంగా ఉన్నా, కళ్లు తిరిగినా, ఊపిరి ఆడనట్టు అనిపించినా మొహమాటపడకుండా వెంటనే చెప్పాలి. బీపీ పడిపోతోందనడానికి అది తొలి హెచ్చరిక కావచ్చు.
* 108లో ఆసుపత్రికి వెళ్తున్నప్పుడు కూడా నెలలు నిండిన తల్లి వెల్లకిలా కాకుండా ఎడమవైపు తిరిగి పడుకోవడం మంచిది.
* ఆపరేషన్ తర్వాత మొదటిసారి మంచం దిగేటప్పుడు పక్కన మనిషి ఉండాలి. ముందు కాసేపు కూర్చుని, ఆ తర్వాతే లేవాలి.

వెన్ను సూది అంటే భయపడాల్సిన పనిలేదు. చాలా సిజేరియన్లకు పూర్తి మత్తు కన్నా ఇదే మేలని డాక్టర్లు దీన్ని ఎంచుకుంటారు. బీపీ తగ్గడం మామూలే.. దాన్ని వెంటనే పట్టుకుని సరిచేయడమే ముఖ్యం.