టిక్కు పెట్టేముందు తెలుగులో అడగండి!
వెబ్‌సైట్లకు ఇచ్చే వివరాలపై సరిహద్దు తెలుగువారికీ హక్కుంది

హోసూరులో కరెంటు బిల్లు కట్టాలన్నా, బళ్లారిలో పిల్లల ఉపకార వేతనానికి దరఖాస్తు పెట్టాలన్నా, బరంపురంలో రైలు టికెట్టు తీయాలన్నా, సిరోంచలో బ్యాంకు ఖాతా వివరాలు మార్చుకోవాలన్నా ఇప్పుడు ఎక్కువమంది వెళ్లే దారి వెబ్‌సైటే. పేరు, ఊరు, పుట్టిన తేదీ, సెల్‌ నంబరు, ఆధార్‌... అడిగినవన్నీ నింపాక చివర్లో చిన్న గడి ఒకటి వస్తుంది. 'నిబంధనలు చదివాను, ఒప్పుకుంటున్నాను' అని పక్కన రాసి ఉంటుంది.

చదివేదెవరు? ఉండేది ఇంగ్లిషులో. కాదంటే ఆ రాష్ట్ర భాషలో. ఇంట్లో తెలుగు, బజారులో కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీనో మాట్లాడుకుంటూ తరాలుగా బతుకుతున్న మనవాళ్లలో ఆ భాషలు నోటికి వచ్చినంతగా చదవడం రానివారు చాలామందే. అందుకే టిక్కు పెట్టేసి ముందుకు పోతారు. లేదంటే నెట్‌ సెంటర్‌ కుర్రాడే పెట్టేస్తాడు.

ఆ టిక్కుతో దేనికి ఒప్పుకున్నామో మన భాషలోనే తెలుసుకునే హక్కు చట్టంలోకి వచ్చింది. అది ఎంతమందికి తెలుసన్నదే ప్రశ్న.

ఇచ్చేవి కొన్ని... తీసుకునేవి కొన్ని

వెబ్‌సైట్‌ చేతికి చేరే వివరాలు రెండు రకాలు. మనం నింపి ఇచ్చేవి ఒక రకం. అడక్కుండానే వెళ్లేవి రెండోది. ఏ ఫోను వాడుతున్నాం, ఏ ప్రాంతం నుంచి చూస్తున్నాం, ఏ పేజీలో ఎంతసేపున్నాం అన్నవి ఈ రెండో రకంలోకి వస్తాయి.

ఇందుకు ఎక్కువగా వాడేవి 'కుకీలు'. ఇవి వెబ్‌సైట్‌ మన ఫోనులోనో కంప్యూటర్‌లోనో వదిలివెళ్లే చిన్న గుర్తులు. ప్రతి పేజీకీ మళ్లీ మళ్లీ పాస్‌వర్డ్‌ కొట్టనక్కర్లేకుండా చేసేవి ఇవే. అంతవరకు మేలే. అయితే ప్రకటనల సంస్థలు పెట్టే కుకీలు సైటు నుంచి సైటుకు మన వెంటే వస్తాయి. ఒకచోట చీర చూస్తే, వార్తలు చదివేచోట కూడా అదే చీర కనబడేది వీటివల్లే. అందుకే కుకీలు అడిగినప్పుడు 'అవసరమైనవి మాత్రమే' అన్న మీట కనబడితే అదే నొక్కడం మేలు.

తాళం గుర్తు ఉంటే చాలా?

చిరునామా ముందు 'హెచ్‌టీటీపీఎస్‌' ఉంటే మన వివరాలు దారిలో ఎవరూ చదవకుండా సంకేతాలుగా మారి వెళుతున్నాయని అర్థం. అంతే. అవతలి వాడు మంచివాడని కాదు. మోసగాళ్ల సైట్లకూ ఆ రక్షణ ఉంటుంది.

పద్ధతిగా నడిచే సైటు మన పాస్‌వర్డ్‌ను ఉన్నదున్నట్టు దాచుకోదు. తిరిగి చదవడానికి వీల్లేని రూపంలోకి మార్చి పెట్టుకుంటుంది. కాబట్టి 'పాస్‌వర్డ్‌ మర్చిపోయాను' అంటే కొత్తది పెట్టుకోమనాలి. పాతదే మెయిల్లో పంపిందంటే అక్కడ భద్రత గట్టిగా లేదనే లెక్క.

సరిహద్దు దాటినా తెలుగే

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న ఏకగ్రీవంగా చెప్పింది. ఆ కేసు వేసింది కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్‌.పుట్టస్వామి. ఆ తీర్పు తర్వాత 2023లో వ్యక్తిగత డిజిటల్‌ డేటా రక్షణ చట్టాన్ని పార్లమెంటు ఆమోదించింది.

మన అనుమతి కోరే సంస్థ ఏ వివరాలు, దేనికోసం తీసుకుంటోందో తేలిక మాటల్లో చెప్పాలి. దాన్ని ఇంగ్లిషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలో గానీ చదువుకునే వీలివ్వాలి. ఆ 22 భాషల్లో తెలుగూ ఉంది. ఇక్కడ చూడాల్సింది మనం ఏ రాష్ట్రంలో ఉన్నామన్నది కాదు, ఏ భాష కోరుకున్నామన్నది. కోలారులో ఉన్నా, యానాంలో ఉన్నా, షోలాపూర్‌లో ఉన్నా తెలుగులో చూపమని అడగొచ్చు.

చట్టంలోనే ఒక ఉదాహరణ ఉంది. ఫోనులో వైద్య సలహా ఇచ్చే యాప్‌ మన ఫోన్‌ నంబర్ల జాబితా కూడా అడిగింది. మనం సరేనన్నాం. అయినా ఆ అనుమతి వైద్యానికి అవసరమైన వివరాలకే చెల్లుతుంది, నంబర్ల జాబితాకు చెల్లదు. ఇచ్చినంత తేలిగ్గా అనుమతిని వెనక్కి తీసుకునే వీలుండాలి. తప్పులు దిద్దించుకోవచ్చు, తీసేయమనవచ్చు. 18 ఏళ్లలోపు పిల్లల వివరాలకు తల్లిదండ్రుల అనుమతి తప్పనిసరి. భద్రతలో విఫలమైన సంస్థకు రూ.250 కోట్ల దాకా జరిమానా పడొచ్చు.

అయితే రెండు మెలికలున్నాయి. 2025 నవంబరులో వెలువడిన నిబంధనల ప్రకారం సంస్థలకు 18 నెలల గడువిచ్చారు. అంటే ఈ బాధ్యతలు పూర్తిగా అమల్లోకి వచ్చేది 2027 మే నెలలో. ఇక ప్రభుత్వ రాయితీలు, ధ్రువపత్రాల వంటి వాటికి కొన్ని సందర్భాల్లో విడిగా అనుమతి అడగకుండానే వివరాలు వాడుకోవచ్చు.

నెట్‌ సెంటర్లో జాగ్రత్త

చట్టం ఎంత గట్టిదైనా నెట్‌ సెంటర్‌ బల్ల దగ్గర మన జాగ్రత్త మనదే.

* దరఖాస్తులో మీ నంబరే రాయించండి. పని త్వరగా అవుతుందని దుకాణం వారి నంబరు ఇస్తే ఓటీపీలు, పాస్‌వర్డ్‌ మార్చే అధికారం వారి చేతికి వెళ్లినట్టే.

* ఆంధ్రా సిమ్ము ఒకటి, ఇక్కడి సిమ్ము ఒకటి వాడేవారు బ్యాంకుకు ఏది ఇచ్చారో చూసుకోండి. వాడకుండా వదిలేసిన నంబరు కొన్నాళ్లకు మరొకరికి వెళ్లొచ్చు.

* ఆధార్‌ ప్రింటు తీయించాక ఆ ఫైలును మీ కళ్లముందే పూర్తిగా తీసేయమనండి. నెట్‌ కేఫ్‌లలో ఆధార్‌ దించుకోవద్దని, దించుకుంటే ప్రతులన్నీ తుడిచేయాలని ఆధార్‌ సంస్థ బెంగళూరు కార్యాలయం 2022 మేలో సూచించింది. జనం తప్పుగా అర్థం చేసుకునే వీలుందంటూ రెండు రోజుల్లోనే ఆ ప్రకటనను వెనక్కి తీసుకున్నారు. జాగ్రత్త మాత్రం మంచిదే.

* వీలున్నచోట మొదటి ఎనిమిది అంకెలు కనబడని 'మాస్క్‌డ్‌ ఆధార్‌' ఇవ్వండి.

* లేచి వచ్చేముందు లాగౌట్‌ అయ్యారో లేదో చూసుకోండి.

ఫిర్యాదు ఎక్కడ?

వ్యాపార సంస్థలు తమ గోప్యతా విధానాన్ని, ఫిర్యాదుల అధికారి పేరును వెబ్‌సైట్లో పెట్టాలని 2011 నాటి నిబంధనలే చెప్పాయి. ఫిర్యాదును నెలలోగా పరిష్కరించాలన్నదీ అందులో ఉంది. సైటు అడుగున 'ప్రైవసీ పాలసీ' అన్నచోట నొక్కి చూడండి. ఆ పేజీయే లేని సైటుకు ఆధార్‌, బ్యాంకు వివరాలు ఇవ్వకపోవడమే మంచిది. సంస్థ పట్టించుకోకపోతే కొత్త చట్టం కింద డేటా రక్షణ బోర్డును ఆశ్రయించే మార్గముంది.

డబ్బు పోతే మాత్రం ఆలస్యం వద్దు. వెంటనే 1930కి ఫోన్‌ చేయాలి. ఆధార్‌ సందేహాలకు 1947 నంబరులో తెలుగులోనే మాట్లాడవచ్చు.

హక్కు ఉందని తెలిసినవారు అడిగితేనే సంస్థలు తెలుగు పేజీని ముందుకు తెస్తాయి. ఎవరూ అడగకపోతే ఆ మీట ఏ మూలనో చిన్నగా ఉండిపోతుంది. ఈసారి గడి కనబడినప్పుడు టిక్కు పెట్టేముందు ఒక్క నిమిషం ఆగండి. 'తెలుగులో ఉందా?' అని అడగండి.