మందులకు లొంగని ఫిట్స్‌కు కొవ్వుతో చికిత్స

పిల్లల్లో ఫిట్స్ చాలావరకు మందులతోనే అదుపులోకి వస్తాయి. తగిన మందులు రెండు, తగిన మోతాదులో వాడినా ఆగకపోతే దాన్ని మందులకు లొంగని మూర్ఛ అంటారు. మూర్ఛ ఉన్నవారిలో దాదాపు మూడోవంతు మందిది ఇదే పరిస్థితి. అలాంటి పిల్లల్లో కొందరికి కొవ్వు ఎక్కువగా, పిండిపదార్థాలు బాగా తక్కువగా ఉండే కీటోజెనిక్ ఆహారం మేలు చేస్తోంది.

ఉపవాసం ఉంటే ఫిట్స్ తగ్గుతాయన్నది పాత అనుభవమే. కానీ పసివాళ్లను ఎన్నాళ్లని పస్తు ఉంచగలం? పిండిపదార్థాలు బాగా తగ్గించి, కొవ్వు పెంచితే కడుపునిండా తింటున్నా ఒంట్లో ఉపవాస స్థితే ఉంటుందని 1921లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యుడు రస్సెల్ వైల్డర్ ప్రతిపాదించారు. గ్లూకోజు చాలనప్పుడు కాలేయం కొవ్వు నుంచి కీటోన్లు తయారుచేస్తుంది. మెదడు వాటినే ఇంధనంగా వాడుకుంటుంది. 1938లో ఫెనిటాయిన్ మందు వచ్చాక ఈ పద్ధతి మరుగునపడింది. 1990లలో హాలీవుడ్ దర్శకుడు జిమ్ అబ్రహామ్స్ కొడుకుకు దీనితో ఫిట్స్ ఆగిపోయాక మళ్లీ అందరి దృష్టిలో పడింది.

ఆధారాలూ గట్టివే. 2008లో లండన్‌లో 145 మంది పిల్లలపై జరిగిన అధ్యయనం ఫలితాలు వెలువడ్డాయి. ఈ ఆహారం తీసుకున్నవారిలో 38 శాతం మందికి మూడు నెలల్లో ఫిట్స్ సగానికి పైగా తగ్గాయి. తీసుకోనివారిలో అలా తగ్గింది 6 శాతం మందికే. కాస్త సడలింపున్న మాడిఫైడ్ అట్కిన్స్ ఆహారంతో ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులూ 2013లో మంచి ఫలితాలే చూపించారు. అయితే రెండేళ్ల లోపు పిల్లల్లో కీటోజెనిక్ ఆహారం మరో మందు వాడటం కంటే మెరుగేమీ కాదని 2023లో బ్రిటన్ అధ్యయనం తేల్చింది.

ఇంట్లో అమలు చేయడమే కష్టం. అసలు పద్ధతిలో పిండిపదార్థం, ప్రొటీన్ కలిపి ఒక గ్రాముంటే కొవ్వు నాలుగు గ్రాములుండాలి. అన్నం, ఇడ్లీ, అరటిపండు, బెల్లం పక్కన పెట్టాల్సిందే. నెయ్యి, వెన్న, కొబ్బరినూనె, మీగడ, గుడ్డు, పనీర్, కొద్దిగా ఆకుకూర... అన్నీ త్రాసులో తూచి వడ్డించాలి. అమ్మమ్మ ముద్దుగా పెట్టే బిస్కెట్టే కాదు, దగ్గు సిరప్‌లోని చక్కెర కూడా లెక్కలోకి వస్తుంది.

ఇది సొంతంగా మొదలుపెట్టే వైద్యం కాదు. కొవ్వును శరీరం వాడుకోలేని కొన్ని పుట్టుకతో వచ్చే జబ్బుల్లో ఇది ప్రాణాంతకం కావచ్చు. అందుకే ముందే పరీక్షలు చేస్తారు. మలబద్ధకం, వాంతులు, కిడ్నీలో రాళ్లు, కొలెస్టరాల్ పెరగడం, ఎదుగుదల మందగించడం వంటి ఇబ్బందులు రావచ్చు. విటమిన్లు, కాల్షియం విడిగా ఇవ్వాలి. మూర్ఛ మందులను ఇంట్లోవాళ్లు ఆపేయకూడదు. మూడు నెలలు చూసి, గుణం కనిపిస్తే సాధారణంగా రెండేళ్లు కొనసాగించి, మెల్లగా మామూలు తిండికి మారుస్తారు.

మందులన్నీ అయిపోయేదాకా ఆగనక్కర్లేదు. రెండో మందూ పనిచేయనప్పుడే పిల్లల న్యూరాలజిస్టును, అనుభవమున్న డైటీషియన్‌ను కలిసి, తమ బిడ్డకు ఇది సరిపడుతుందేమో తల్లిదండ్రులు అడగాలి.