గాయకుల భాగం ఎవరిస్తారు?

యెరూషలేము ప్రాకారం కట్టించిన నెహెమ్యా కొంతకాలం రాజు దగ్గరకు వెళ్లి తిరిగి వచ్చేసరికి దేవుని మందిరంలో పాట ఆగిపోయింది. లేవీయులూ గాయకులూ ఎవరి పొలానికి వారు వెళ్లిపోయారు. వారికి భక్తి తగ్గి కాదు, రావలసిన భాగం అందక, పొట్టకూటి కోసం వెళ్లారు. నెహెమ్యా గాయకులను ఒక్క మాట అనలేదు. అధికారులను నిలదీశాడు. వెళ్లినవారిని పిలిపించి, వారి స్థలాల్లో తిరిగి నిలబెట్టాడు (నెహెమ్యా 13:10–11). గాయకుల భాగం మరువని ఒక సంఘం గురించి ఈ వారం ధ్యానిద్దాం.

1897 ఫిబ్రవరి 27న అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఒక పేద నల్లజాతి కుటుంబంలో మారియన్ ఆండర్సన్ జన్మించింది. ఆరేళ్ల వయసులో యూనియన్ బాప్టిస్టు సంఘంలో పిల్లల గాయక బృందంలో చేరింది. పన్నెండేళ్లకే తండ్రి చనిపోయాడు. తల్లి ఇతరుల బట్టలు ఉతికి, ఒక పెద్ద దుకాణంలో నేలలు తుడిచి ముగ్గురు ఆడపిల్లలను పెంచింది. ఊళ్లోని ఒక సంగీత పాఠశాలకు వెళితే, ఒంటి రంగు చూసి చేర్చుకోలేదు. తలుపు మూసిన చోట సంఘం నిలబడింది. ఆదివారం కానుకకే తడుముకునే ఆ పేద విశ్వాసులు, తోటి గాయకులు చందాలు పోగుచేసి, ఆమె చదువుకూ సంగీత పాఠాలకూ ఫీజులు కట్టారు.

ఆ గొంతు ఒక్కరోజులో పైకి రాలేదు. 1924లో న్యూయార్కులోని టౌన్‌హాల్లో పాడితే శ్రోతలు పలుచగా వచ్చారు, విమర్శకులు ఉచ్చారణను తప్పుపట్టారు. పాట మానేద్దామన్నంత బాధపడింది. మళ్లీ లేచి, మరుసటి ఏడాది సుమారు 300 మంది పాల్గొన్న పోటీలో గెలిచి, న్యూయార్కు ఫిల్‌హార్మోనిక్ వాద్యబృందంతో పాడింది. 1930ల్లో యూరపు ఆమెను నెత్తిన పెట్టుకుంది. అటువంటి గొంతు నూరేళ్లకు ఒకసారి వినబడుతుందని ప్రఖ్యాత సంగీత నిర్దేశకుడు టోస్కానీని మెచ్చుకున్నాడు. అంత పేరు వచ్చాక కూడా 1939లో వాషింగ్టన్‌లోని కాన్‌స్టిట్యూషన్ హాలు ఆమెకు దొరకలేదు. దాని యజమానులైన మహిళా సంఘం నల్లవారికి వేదిక ఇవ్వబోమంది. దానికి నిరసనగా అధ్యక్షుని భార్య ఎలియనోర్ రూజ్‌వెల్ట్ ఆ సంఘానికి రాజీనామా ఇచ్చారు. ఏప్రిల్ 9న, ఈస్టర్ ఆదివారం, లింకన్ స్మారక మందిరం మెట్ల మీద ఆరుబయట 75,000 మంది ఎదుట ఆమె పాడింది. సమాధి రాయి దొర్లిన దినాన మనుషులు మూసిన తలుపు కూడా చిన్నబోయింది.

ఒపేరా అంటే కథంతా పాటలోనే నడిచే నాటకం. మన పద్యనాటకం తెలిసినవారికి ఆ శ్రమ అర్థమవుతుంది. మైకు లేకుండా, నిండు వాద్యబృందం మోగుతుండగా, చివరి వరుస దాకా మాట వినబడాలి. న్యూయార్కు మెట్రోపాలిటన్ ఒపేరాలో ఒక పాత్ర ధరించి పాడిన తొలి నల్లజాతి గాయని ఆమే. అది 1955 జనవరి 7న. అప్పటికి ఆమె వయసు 57. గొంతు నిండుగా ఉన్న ఏళ్లన్నీ ఆ గడప బయటే గడిచిపోయాయి. 1957లో ఆమె మన దేశానికీ వచ్చి, ఢిల్లీలో గాంధీజీ స్మారకం వద్ద పాడింది. 1993లో ప్రభువు సన్నిధికి చేరింది. తన గురించి చెప్పేటప్పుడు ‘నేను’ అనవలసిన చోట ‘మేము’ అనడం ఆమెకు అలవాటు. ఏ పనీ ఎవరూ ఒంటరిగా చేయలేరని ఆమె నమ్మిక.

ఇది ఎక్కడో జరిగిన కథ అనుకోకండి. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. నల్లమలలో పుట్టి, కంభం చెరువును నింపి వచ్చే ఆ నది మన మార్కాపురం ప్రాంతానిదే. ఊరి భజనలకు దూరంగా నిలబెట్టబడిన మన పూర్వికులకు సంఘమే మొదటి సంగీత పాఠశాల అయింది. కీర్తనల పుస్తకమే ఎందరికో మొదటి వాచకం అయింది. మూసిన తలుపు ముందు నిలబడడం ఎలా ఉంటుందో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు.

మరి నేడు? గిద్దలూరు, కంభం, మార్కాపురం సంఘాల్లో ఏ ఆదివారం కూర్చున్నా దేవుడిచ్చిన గొంతు ఒకటైనా వినబడుతుంది. రెండేళ్ల తరువాత ఆ పాప ఏదని అడిగితే, మిరప కోతకు వెళ్లిందనో, అమ్మానాన్నలతో హైదరాబాదు, బెంగళూరు పనులకు పోయిందనో జవాబు. కుర్రవాడైతే పలకల పనిలో ఉంటాడు. ఆ పనులు నీచమైనవి కావు, వాటితోనే మన సంఘాలు బ్రదుకుతున్నాయి. కాని పాడవలసినవారు ఎవరి పొలానికి వారు వెళ్లిపోతుంటే, నెహెమ్యా అడిగిన ప్రశ్న మనవైపు తిరగదా? క్రిస్మస్‌కు సౌండు బాక్సులకూ, బయటినుండి వచ్చే గాయకులకూ లెక్క చూడకుండా ఇస్తాం. మన పాపకు ఒక ఏడాది సంగీతం ఫీజు కట్టమంటే మాత్రం కమిటీలో వాదన పెడతాం.

దావీదు కాలంలో 288 మందికి పాట నేర్పించారు. గురువూ శిష్యుడూ ఒకే వరుసలో నిలిచారు (1 దినవృత్తాంతములు 25:7–8). తలాంతు దేవుడిస్తాడు, దానిని సాన పట్టించే ఖర్చు ఆయన మన చేతిలో పెట్టాడు. ప్రతి సంఘం ఈ ఏడాది లెక్కల్లో ఒక బిడ్డ పేరు రాసుకోవాలని మా మనవి. నేర్చుకున్నాక ఆ బిడ్డ మన బృందంలోనే ఉండిపోవాలని పట్టుబట్టవద్దు. ఫిలడెల్ఫియాలోని పేద విశ్వాసులు కట్టిన ఫీజు ఒక ఈస్టర్ నాడు 75,000 మందికి పాటగా అందింది. ఆ చందాలు ఇచ్చినవారి పేర్లు మనకు తెలియవు. దేవునికి తెలుసు.