చీర మీది చేపలు, పుస్తకంలోని జీవితం

పార్లమెంటు విలేఖరులకు బడ్జెట్ దినం అంకెల దినం. కాని 2025 ఫిబ్రవరి 1వ తేదీన అంకెలకంటె ముందు అందరి దృష్టీ ఒక చీర మీద నిలిచింది. ఆర్థికమంత్రి శ్రీమతి నిర్మలా సీతారామన్ ఆనాడు ధరించిన మీగడ రంగు చీరపై మిథిలా శైలి చేపలు ఉన్నాయి. బీహారుకు మఖానా బోర్డును ప్రకటించిన బడ్జెట్ అది. ఆ రాష్ట్ర శాసనసభకు ఎన్నికలు జరిగినదీ ఆ సంవత్సరమే. కనుక ఆ చీరలో రాజకీయార్థాలు వెదకినవారికి కొదవ లేకపోయింది. ఆ చేపలను చిత్రించిన దులారీదేవి ఎవరన్నది మాత్రం ఒక్క వాక్యంతో సరిపోయింది: మధుబని చిత్రకారిణి, 2021లో పద్మశ్రీ గ్రహీత.

ఆ వాక్యం వెనుక ఉన్న జీవితాన్ని తెలుసుకోగోరేవారు ఆశ్రయించదగినది ఒక పిల్లల పుస్తకం. మద్రాసు నగరంలోని తారా బుక్స్ సంస్థ 2010 ప్రాంతంలో ప్రచురించిన ఆ పుస్తకం పేరు 'ఫాలోయింగ్ మై పెయింట్ బ్రష్'. దులారీదేవి తన కథను నోటితో చెప్పగా గీతా వుల్ఫ్ అక్షరరూపమిచ్చారు. బొమ్మలు దులారీదేవివే. మధుబని జిల్లా రాంటీ గ్రామంలో మల్లాహ్ కులస్థుల, అనగా చేపలు పట్టేవారి, కుటుంబంలో పుట్టిన ఆమె బడికి పోలేదు. బాల్యంలోనే వివాహమైంది. కన్నబిడ్డ మరణించగా పుట్టింటికి తిరిగివచ్చి, ఇళ్లలో పాచిపనికి కుదిరింది. పనిచేసిన ఇళ్లలోనే మహాసుందరీదేవి, కర్పూరీదేవి వంటి పేరుపొందిన చిత్రకారిణుల చేతిపని చూసి కుంచె పట్టింది. చీపురు పట్టిన చెయ్యి కుంచె పట్టడమే ఆ పుస్తకంలోని కథ.

చిత్రకారుల జీవితాలను బొమ్మల కథలుగా చెప్పడం లోకానికి కొత్త కాదు. వాన్ గో, పికాసో, ఫ్రీడా కాలోల జీవితాలు విదేశాలలో గ్రాఫిక్ నవలలుగా వెలువడినాయి. మన దేశంలో 1967లో అనంత్ పాయ్ ఆరంభించిన అమర చిత్రకథలు రెండు తరాల బాలురకు పురాణపురుషులను, రాజులను, దేశనాయకులను పరిచయం చేశాయి. అయితే కథలోని మనిషి వేరు, బొమ్మ వేసే మనిషి వేరు. దులారీదేవి పుస్తకంలో ఆ ఎడం లేదు. తన దారిద్ర్యాన్ని తన గీతతోనే చూపింది. చూసేవారి జాలి కాదు, అనుభవించినవారి సాక్ష్యం అది.

ఈ భేదం చిన్నది కాదు. మిథిలలో గోడల మీద ఉన్న చిత్రాలు కాగితం మీదికి వచ్చింది 1966-67 నాటి కరవుకాలంలో. అఖిల భారత హస్తకళల బోర్డు పంపిన భాస్కర్ కులకర్ణి, స్త్రీలకు జీవనాధారం కల్పించేందుకు కాగితాలు పంచారు. తొలినాళ్లలో పేరు వచ్చింది ఎక్కువగా బ్రాహ్మణ, కాయస్థ కుటుంబాల స్త్రీలకు. మల్లాహ్ స్త్రీ తన పేరుతో తన జీవితాన్ని అచ్చులో చూసుకోవడానికి నాలుగు దశాబ్దాలు పట్టింది. 2011లో ఢిల్లీలోని నవయాన సంస్థ వెలువరించిన 'భీమాయన' కూడ ఈ కోవలో గమనించదగినది. అంబేద్కర్ అనుభవాలను చిత్రించిన గోండు దంపతులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్‌లు కామిక్ పుస్తకాల గళ్లలో మనుషులను బంధించడానికి ఇష్టపడక, తమ ఇంటి గోడల అలంకారాలతోనే పుటలను విభజించారు.

ఇట్టి పుస్తకాలు ఎందుకు అవసరమో చెప్పడానికి రాజధానిలోనే ఒక విషాద నిదర్శనం ఉంది. ప్రగతి మైదానం ప్రక్కనున్న జాతీయ హస్తకళల మ్యూజియంలో గంగాదేవి అనే మిథిలా చిత్రకారిణి ఒక కోహబర్ గదిని, అనగా పెండ్లివారి శోభనపు గదిని, చిత్రించింది. కేన్సరుకు ఢిల్లీలో చికిత్స పొందుతూ ఆస్పత్రి అనుభవాన్ని కూడ బొమ్మలలోకి ఎక్కించిన మహాకళాకారిణి ఆమె. 1991లో కన్నుమూసింది. 2015లో మరమ్మతుల పేరిట ఆ గోడచిత్రాలు మాయమైనాయి. పద్మశ్రీ ఇచ్చిన ప్రభుత్వమే ఆమె గోడను కాపాడలేకపోయింది! గోడను ఒక కాంట్రాక్టరు ఒక్క పూటలో చెరిపివేయగలడు. పదిమంది పిల్లల చేతుల్లో నలిగిన పుస్తకాన్ని చెరపడం అంత సులభం కాదు.

మన సంగతి ఆలోచిద్దాం. మా తరం 'చందమామ' ముఖచిత్రం అడుగున 'వ.పా.' అనే రెండక్షరాలను చూస్తూ పెరిగింది. ఆ వడ్డాది పాపయ్య ఎవరు, ఏ ఊరివారు, ఎలా నేర్చుకున్నారు అని అడగాలని మాకు తోచలేదు. చెప్పాలని పెద్దలకూ తోచలేదు. శ్రీకాళహస్తిలో కలంకారీ కలం పట్టినవారిని, నిర్మల్‌లో కొయ్యబొమ్మలకు రంగులద్దేవారిని, చేర్యాలలో పటాలు వ్రాసేవారిని పర్యాటక శాఖ గోడపత్రికలు బాగానే వాడుకుంటున్నాయి. వారి జీవితాలను వారి చేతనే చెప్పించి, వారి బొమ్మలతోనే అచ్చువేసి, ముఖపత్రం మీద వారి పేరుతో బడి గ్రంథాలయాలకు చేర్చడం రెండు తెలుగు ప్రభుత్వాలకు అలవికాని పని కాదు.

బడ్జెట్ చీర వార్త ఒక్క రోజులో పాతబడింది. పాచిపని చేసే తల్లికి పుట్టిన ఆడపిల్ల ఎవరైనా ఆ పుస్తకం తెరచి, ఇది మా అమ్మ కథ కదా అని ఆగితే, ఆ క్షణం పాతబడదు.