మిస్త్రీగారి పెట్టె

మన దెగ్లూరు పాత యిళ్లలో గోడగడియారాలు యింకా కొన్ని వ్రేలాడుతూనే ఉన్నవి. నడిచేవి మాత్రం తక్కువ. వారం వారం చావి యిచ్చే తాతగారు పోయారు. ఆగితే విప్పి చూచే మిస్త్రీ కూడా పోయాడు. నిజాం కాలంలో అతనిని ఘడీసాజ్ అనేవారు. 1956లో మన తాలూకా బొంబాయి రాష్ట్రంలోకి వచ్చింది, 1960లో మహారాష్ట్ర అయింది. రాజ్యాలు మారినవి గాని అతని బల్ల మీది పనిముట్లు మారలేదు.

అతని బల్లకు దెబ్బ తగిలింది వేరొక వైపునుండి. 1969 డిసెంబరులో జపానువారు క్వార్ట్జు చేతిగడియారాన్ని అమ్మకానికి పెట్టారు. ఆ తరువాత బ్యాటరీ మార్చడమే పెద్ద మరమ్మతు అయింది. 1961లో బెంగళూరులో చేతిగడియారాల తయారీ ప్రారంభించిన హెచ్.ఎం.టి. వారి గడియారాల సంస్థను సైతం 2016లో మూసివేయ నిశ్చయించారు.

అయినా మన యువకులు కొందరు తాతల గడియారాలు తామే బాగుచేసుకోవాలని ముచ్చటపడుతున్నారు. సంతోషమే. స్విట్జర్లండు, జర్మనీ దేశాల కొత్త పనిముట్లు ప్రియం గనుక పాతవాటికోసం హైదరాబాదు జుమ్మేరాత్ బజారుకో, బొంబాయి చోర్ బజారుకో పోతున్నారు. అటువంటివారికి మాకు తెలిసిన నాలుగు మాటలు చెబుతాము.

స్క్రూడ్రైవర్లు పాతవైనా భయం లేదు. మొన అరిగితే సానరాతిమీద తిరిగి దిద్దుకోవచ్చు. చిమ్టా కొనేటప్పుడు వెలుతురుకు ఎత్తిపట్టి చూడవలెను. రెండు కొనలూ సరిగా కలిసి, సన్నని వెంట్రుకను జారకుండా పట్టవలెను. చిన్న స్క్రూను తాకిస్తే అది అంటుకొని వచ్చిందా, చిమ్టాకు అయస్కాంతగుణం పట్టిందన్నమాట. అది తీసివేయకుండా దానితో బాల్‌కమానిని ముట్టరాదు.

చక్రానికి కొత్త యిరుసు బిగించాలంటే స్టేకింగ్ సెట్టు కావాలి. రంధ్రాలున్న ఉక్కు పళ్లెం, దానిపై నిలువు చట్రం, చట్రంలో దూరే పంచ్‌లు, యివీ దాని అంగాలు. మొనగల పంచ్‌ను దించినప్పుడు అది పళ్లెపు రంధ్రం నడిమధ్యకు రావలెను. పక్కకు పోతే ఎంత చవకయినా వదలిపెట్టండి. పంచ్ ఒకటి రెండు తగ్గితే ఫరవాలేదు. పళ్లెం తగ్గితే మిగిలినదంతా యినుమే.

చిన్న లేతు విషయంలో మేమే మోసపోయాము. తప్పు అమ్మినవానిది కాదు, మా తొందరది. పెట్టెనిండా కాలెట్లు ఉన్నవని మురిసి కొన్నాము. యింటికి వచ్చి చూస్తే ఒక్కటీ లేతుకు పట్టలేదు. వెనుక మరలు వేరు. కాలెట్టు మీద 12 అని ఉంటే అది 1.2 మిల్లీమీటర్ల కమ్మిని పట్టుతుంది. కొనేముందు అక్కడే ఒకటి బిగించి, కమ్మి పెట్టి, తిప్పి చూడండి. కమ్మి అటూ యిటూ ఊగితే ఆ కాలెట్టో యిరుసో పాడయినట్లే.

ముఖ్యమైన హెచ్చరిక ఒకటి. పాత పెట్టెలో చీటీలేని సీసాలుంటే మూత తీయవద్దు. యిత్తడికి మెరుగు పెట్టడానికి సైనైడు వాడిన పనివాళ్లు ఉండేవారు. చీకటిలో వెలిగే పాత డయళ్లకు, ముళ్లకు రేడియం పూసేవారు. వెలుగు మాసినా దాని విషం మాయదు. ఆ పూతను గోకరాదు, ఊదరాదు. ఈ సంగతి పిల్లలకు చెప్పి ఉంచండి.

యిక ధర మాట. మన వూళ్లో ఒక మిస్త్రీ కాలం చేశాక యింటివారు తెలియక లేతును పాతయినుము బేరగానికి తూకానికి యిచ్చివేశారు. మేము వెళ్లేసరికి దాని కాలెట్లతో పిల్లలు ఆడుకుంటున్నారు. లేతు మళ్లీ దొరకలేదు.

తరువాత మరొక యింట్లో పంచ్‌ల పెట్టెను మాకు చూపించి, యిల్లాలు పాతయినుము ధరే అడిగింది. పుచ్చుకొని రావచ్చును. కాని మనసొప్పలేదు. “అమ్మా, యిది యినుము కాదు, మీ మామగారి విద్య” అని దాని విలువ చెప్పి, మాకు తోచిన న్యాయమైన సొమ్ము యిచ్చాము. ఆమె కాసేపు మాట్లాడలేదు. తరువాత లోపలికి వెళ్లి బియ్యపు డబ్బా కింద ఎత్తుగా పెట్టుకొన్న ఉక్కు పళ్లేన్ని తెచ్చి మా చేతిలో పెట్టింది. అది లేకపోతే మేము కొన్నది ఎందుకూ కొరగాదు.

ఎదుటివారు తెలియక చెప్పిన ధరకు మనం తెలిసి కొనడం బేరం కాదు. పనిముట్టు విలువ తెలిసినవారే ఆ మాట ముందు చెప్పాలి. అట్లా చెప్పిన యింటనే పెట్టె పూర్తిగా దొరుకుతుంది.